తిరుగు టికెట్టు

ఆంధ్ర తీరంలోని వాకాడు నుంచి ఒక కుటుంబం మారిషస్‌కో మాల్దీవులకో సరదాగా వెళ్లిరావాలనుకుంటే ఇవాళ వీసా పెద్ద అడ్డంకి కాదు. చూసి పోవడానికి వచ్చే భారతీయుల్ని మారిషస్ ముందుగా వీసా తెచ్చుకోమనదు. మాల్దీవుల్లో దిగినచోటే 30 రోజుల అనుమతి ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ‘ఇముగా’ ఫారం ఆన్‌లైన్‌లో నింపితే సరిపోతుంది. శ్రీలంకకు ఈటీఏ అనే ఆన్‌లైన్ ముందస్తు అనుమతి ఉంది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని, హోటల్ బుకింగ్ కాగితం చేతిలో పెట్టుకోవాలని ఏజెంటు ఎలాగూ చెబుతాడు. అయితే ఏ దీవిలో దిగినా కౌంటర్ వెనకున్న మనిషి మూడు సంగతులు అడగొచ్చు: ఎక్కడ ఉంటారు, ఖర్చులకు డబ్బుందా, తిరుగు టికెట్టు ఏది. డబ్బు పెట్టి చూడవచ్చినవాణ్ణి ఎప్పుడు పోతావని అడగడం ఏం మర్యాద అనిపిస్తుంది. ఈ ప్రశ్నలు పర్యాటకుణ్ణి ఉద్దేశించి పుట్టలేదు కాబట్టే అలా అనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మన తీరాల నుంచి చెరకు దీవులకు వెళ్లిన కూలీని అదుపులో పెట్టడానికి అలవాటైన పద్ధతే, యుద్ధాల తర్వాత అందరి ప్రయాణాలకూ పాకిందని నా వాదన.

దీనికి మొదట ఎదురయ్యే అభ్యంతరం వాకాడు పక్కనే ఉంది. అనుమతి కాగితాలు కూలీలతో మొదలు కాలేదు, రేవులు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నమాట నిజమే. వాకాడు మండలంలోని దుగరాజపట్నమే ఇంగ్లీషువాళ్ల రికార్డుల్లోని ఆర్మగాన్. పులికాట్‌లో 1613 నుంచి కోట కట్టుకు కూర్చున్న డచ్చివాళ్లు ఒకవైపు, మచిలీపట్నం అధికారులతో తగాదాలు మరోవైపు; ఆ రెంటి మధ్య చోటు వెతుక్కుంటూ ఈస్టిండియా కంపెనీవాళ్లు 1626లో ఇక్కడి నాయకుడి అనుమతితో దిగారు. ఫిరంగులు ఎక్కించి చిన్న కోట కట్టారు. ఈ చుట్టుపక్కల కొన్న బట్టలు జావా దీవిలోని బాంటమ్‌కు చేరేవి, వాటికి బదులు మిరియాలు, లవంగాలు వచ్చేవి. తర్వాత ఇక్కడ ఏజెంటుగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేలకు కౌలు సంపాదించాక ఆర్మగాన్ ఖాళీ అయిపోయింది. ఆ కాలమంతా సముద్రం మీద కాగితాల జోరే. పోర్చుగీసువాళ్లు ‘కర్తాజ్’ అనే చీటీ అమ్మేవారు. అది లేని ఓడ కనబడితే పట్టుకునేవారు. డచ్చివాళ్లూ తమ పాసులు జారీ చేశారు. అంతకు చాలాముందు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు కాజేయడని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడని వర్తకులకు మాట ఇచ్చింది.

కానీ ఈ కాగితాల్లో దేన్ని తీసుకున్నా, అవి ప్రధానంగా మాట్లాడేది ఓడ గురించీ సరుకు గురించీ. ఓడలో ఉన్న మనిషి ఎవరు, ఎందుకు వెళ్తున్నాడు, ఎప్పుడు తిరిగొస్తాడు అన్నది ఎవరికీ పట్టలేదు. పట్టకపోవడం స్వేచ్ఛ అనుకుంటే పొరపాటే. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు పులికాట్ నుంచి బటావియాకు బానిసలను ఎక్కించి పంపారు. కరువు కాలంలో ఆ వ్యాపారం మరీ పెరిగేది. సరుకుల లెక్కలో చేరిన ఆ మనుషులకు వేరే చీటీ ఎవరూ రాయలేదు. కాగితం ఓడ నుంచి మనిషి మీదకు దిగడానికి ఒక ప్రత్యేకమైన అవసరం రావాలి. అది బానిసత్వాన్ని రద్దు చేసిన తర్వాత వచ్చింది.

1834లో మారిషస్ తోటల యజమానులు భారతీయ కూలీలను ఒప్పందం మీద రప్పించడం మొదలుపెట్టారు. 1910 దాకా దాదాపు నాలుగున్నర లక్షలమంది అక్కడ దిగారు. వాళ్లు అడుగుపెట్టిన పోర్ట్ లూయీ రేవు మెట్లే ఆప్రవాసీ ఘాట్; 2006లో అది యునెస్కో వారసత్వ స్థలమైంది. తెలుగువాళ్లు ఎక్కువగా గోదావరి, విశాఖ ప్రాంతాల నుంచి కోరింగ రేవు మీదుగానూ, మద్రాసు నుంచీ వెళ్లారు. అందుకే ఆ దీవిలో తెలుగువాళ్లకు కోరింగీలన్న పేరు నిలిచింది. వెళ్లేవాడు బానిస కాదని లోకానికి చూపించాలి, అదే సమయంలో వాడు పని వదిలి పారిపోకుండానూ చూడాలి. ఈ రెండు పనులూ ఒకే కాగితంతో సాధించారు. 1837 చట్టం ప్రకారం కూలీ, అతణ్ణి తీసుకెళ్లే ఏజెంటూ ఒక అధికారి ముందు నిలబడి, పని ఏమిటో, ఎంత కాలమో రాసిన ఒప్పందం చూపాలి. గడువు అయిదేళ్లు, ఆ తర్వాత తిరుగు ప్రయాణం ఖర్చు యజమానిది. అక్రమాలు బయటపడి 1838లో వలసను ఆపేశారు; 1842లో మారిషస్‌కు మళ్లీ తెరిచాక రేవుల్లో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి వచ్చి కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణం సంగతి కొంచెం ఆగి చూడాలి. మొదట్లో అది కూలీ హక్కు. 1850ల తొలి ఏళ్లలో మారిషస్ ఆ హక్కును తీసేసింది: వెనక్కి పోతే మళ్లీ కొత్తవాణ్ణి తేవాలి, అది ఖర్చు. అంటే ఆ రోజుల్లో తోట యజమాని కోరుకున్నది వచ్చినవాడు పోకూడదని. ఇవాళ కౌంటర్ కోరుకునేది వచ్చినవాడు ఉండకూడదని. కోరిక తిరగబడింది గానీ ప్రశ్న మాత్రం మారలేదు. వచ్చిన మనిషి ఎప్పుడు పోవాలో తేల్చేది అతడు కాదన్నదే రెండు చోట్లా మూలం. ఒప్పందం ముగించుకున్న పాత కూలీలను కూడా మారిషస్ వదల్లేదు. 1867 ఆర్డినెన్సు ప్రకారం వాళ్లు తమ ఫొటో అంటించిన టికెట్టు, దాంతోపాటు పోలీసు పాసు వెంట ఉంచుకోవాలి. అనుమతి లేకుండా పక్క జిల్లాలో కనబడితే పట్టుకునేవారు. దీని మీద 1871లో, కూలీల పక్షాన నిలిచిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ తయారుచేసిన మహజరుకు 9,401 మంది పాత కూలీలు సమ్మతి తెలిపారు. మరుసటి ఏడు రాజవిచారణ సంఘం వచ్చింది. బ్రిటన్ తన పౌరుల పాస్‌పోర్టు మీద ఫొటో తప్పనిసరి చేయడానికి దాదాపు అర్ధశతాబ్దం ముందే చెరకు తోట కూలీ తన ఫొటోను జేబులో పెట్టుకు తిరిగాడు.

చరిత్ర తెలిసినవాళ్లు ఇక్కడ గట్టిగానే అడ్డుపడతారు: ఇప్పటి పాస్‌పోర్టు, వీసాలు మొదటి ప్రపంచయుద్ధపు గూఢచారి భయంలోంచి వచ్చాయి, కూలీల నుంచి కాదు. ఇందులో సగం ఒప్పుకోవాలి. యుద్ధం రాకపోతే ధనికుడైన యూరోపియన్ ప్రయాణికుడు కాగితం మోసేవాడు కాదు. మన దగ్గర కూడా పాస్‌పోర్టు చట్టం వచ్చింది 1920లోనే. అయితే యుద్ధం చేసింది అప్పటికే కూలీ మీద ప్రయోగించి చూసిన పద్ధతిని అందరికీ విస్తరించడం. ఫొటో, నంబరు, ఊరు, ప్రయాణ కారణం, గడువు ఇవన్నీ 1914 నాటికి వలస శాఖల రిజిస్టర్లలో పాతబడిన గళ్లే. పైగా భారతదేశంలో ఈ రెండు దారులూ ఎప్పుడూ కలిసిపోలేదు. 1922లో వలస చట్టం కొత్తగా వచ్చింది, 1983లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. పాస్‌పోర్టు చట్టం పక్కనే అదీ నడుస్తోంది. పాస్‌పోర్టు వైపు మాత్రం పెద్ద మార్పు జరిగింది. విదేశీ ప్రయాణం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, పాస్‌పోర్టు ఇవ్వడం ప్రభుత్వం దయ కాదని 1967 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో చెప్పింది. ఆ తీర్పు రాసింది రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేయడానికి పదవి వదిలేసే వేళ అది వెలువడింది. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇవాళ మన మధ్యతరగతి కుటుంబం బాలికో మారిషస్‌కో టికెట్లు కొనుక్కోగలగడంలో ఆ తీర్పు వాటా ఎంతో ఉంది. 1990 డిసెంబరులో మూడో ప్రపంచ తెలుగు మహాసభలకు మారిషస్ వెళ్లినవాళ్లు కోరింగీల మనవల్ని అతిథుల హోదాలో కలుసుకున్నారు.

వలస చట్టం వైపు అలాంటి తీర్పు వెలుగు అంతగా పడలేదు. పదో తరగతి పాసవ్వని వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతోపాటు మలేసియా, ఇండోనేసియా, థాయ్‌లాండ్ కూడా ఉన్న 18 దేశాల్లో ఎక్కడికి పనికి వెళ్లినా ముందుగా అతడు అనుమతి తీసుకోవాలి. ఇచ్చే అధికారి పేరు ఇప్పటికీ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్సే. ఆ ముద్రతోనే విహారానికి వెళ్తానంటే 2007 నుంచి ప్రొటెక్టర్ అనుమతి అక్కర్లేదు. చెల్లే పాస్‌పోర్టు, వీసా, వాటితోపాటు తిరుగు టికెట్టు మన విమానాశ్రయంలోనే చూపించాలి. అవతలి దేశం అడగకముందే మన దేశం అడుగుతుందన్నమాట. అదే మనిషి ఆదాయపు పన్ను కడుతుంటే చదువు లేకపోయినా ముద్ర ఉండదు.

రక్షణ కోసమే కదా అని వలస శాఖ సమర్థకులు అంటారు. ఆ మాటను తీసిపారేయలేం. నెల్లూరు, కడప ప్రాంతాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మోసపోయిన ఆడవాళ్లున్నారు. ఒప్పందం ఒకసారి ఎవరైనా చదివి చూడటం వాళ్లకు మేలే. కానీ 1842 నుంచీ ఈ రక్షణ వెళ్లేవాడి కాగితాలనే పరీక్షించింది, తీసుకెళ్లేవాడి కాగితాలను అంత పట్టుదలగా పరీక్షించలేదు. పదో తరగతి సర్టిఫికెట్టు ఉంటే మోసపోరన్న నమ్మకానికి ఆధారం లేదు. విజిట్ వీసా మీద పనికి పంపే ఏజెంటుకు తిరుగు టికెట్టు కొనివ్వడం పెద్ద కష్టమూ కాదు. ఎక్కించిన మర్నాడే దాన్ని రద్దు చేసుకుంటాడు. ఏజెంటు లైసెన్సునూ, అవతలి యజమాని ఒప్పందాన్నీ పట్టుకుంటే ముద్ర అవసరమే తగ్గుతుంది. అంతవరకు మాత్రం, పదో తరగతి పాసై కూడా పాత పాస్‌పోర్టులో ఈసీఆర్ మిగిలిపోయినవాళ్లు దీవుల టికెట్లు కొనే ముందే సర్టిఫికెట్టు జతచేసి పాస్‌పోర్టు మళ్లీ జారీ చేయించుకోవడం మంచిది.