బిల్లు మీరే కొట్టుకోండి

ఆదివారం సాయంత్రం ఆరున్నర. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో ఉన్నాం. ఏ షాపని అడక్కండి, ఈ తంతు చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. బండి అడుగున ఇరవై పౌన్ల బాస్మతి బస్తా, పైన బెండకాయలు, ఎర్ర ఉల్లిపాయలు, అరటిపళ్లు, కొత్తిమీర కట్ట, గ్యాలన్ పాల డబ్బా, నాన్నకి దగ్గు మందు. నాన్న తెనాలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్లు మా దగ్గరుందామని వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఇంటి బయట మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటున్నారు. మీరూ మా వెనకే రండి.

బిల్లింగ్ కౌంటర్లు పది పన్నెండు దాకా ఉన్నాయి. నంబరు దీపం వెలుగుతున్నది ఒక్కదానికే. దాని ముందు లైను చాక్లెట్ల స్టాండు దాటి చిప్స్ వరస దాకా పాకింది. మిగతావాటి బెల్టులు కదలడం లేదు. ఒకదాని మీద ఎవరో వద్దనుకున్న పెరుగు డబ్బా వదిలేసి పోయారు. ఎడం పక్కన కడ్డీలతో వేరు చేసిన చోట ఎనిమిది మెషీన్లు, వాటన్నిటికీ కలిపి ఒక్క అమ్మాయి. నాన్న పెద్ద లైను వైపే నడుస్తున్నారు.

"అటు కాదు నాన్నా. ఇక్కడ మనమే కొట్టుకోవాలి."

"ఏంటి కొట్టుకునేది?"

"బిల్లు."

ఆయన మెషీన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మరి వీళ్లేం చేస్తారమ్మా?" అన్నారు.

ఐదో నంబరు ఖాళీ అయింది, పదండి. ముందు పాలు. బార్‌కోడ్ ఉంది కాబట్టి తేలిక. టింగ్. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక చూయింగ్ గమ్ పొట్లం మీద ఈ గీతల్ని మొదటిసారి చదివించింది క్యాషియరే. ఇప్పుడు డబ్బాని అటు తిప్పి ఇటు తిప్పి అద్దానికి చూపించే పని మనకొచ్చింది.

సంచి పెట్టే పళ్లెం కింద కాటా ఉంది. ఏ వస్తువు ఎంత తూగాలో మెషీన్‌కి తెలుసు. చదివించిన దానికీ పెట్టిన దానికీ లెక్క కుదరాలి. ఈ సంగతి నేను చెప్పేలోపే నాన్న ఇంటి నుంచి తెచ్చిన గుడ్డసంచి తీసి పళ్లెం మీద పరిచేశారు. వెంటనే లోపల్నుంచి ఆడగొంతు: అనుకోని వస్తువు ఉంది, తీసేయండి. తీశారు. తీసిన వస్తువు తిరిగి పెట్టండి. పెట్టారు. అనుకోని వస్తువు ఉంది. నెత్తి మీద గొట్టానికున్న ఎర్రదీపం కొట్టుకోవడం మొదలైంది.

ఆగండి, ఆ అమ్మాయి రావాలి. రెండో మెషీన్ దగ్గర ఒకాయన బీరు కోసం ఐడీ చూపిస్తున్నాడు. ఏడో దాని దగ్గర చంకలో పిల్లాడితో ఒక తల్లి, కూపన్ పడలేదని ఫోన్ ఊపుతోంది. ఆ రెండూ అయ్యాక మన దగ్గరికొచ్చింది. మెడలో కార్డు తెరకి చూపించి, రెండు నొక్కులు నొక్కి, "సారీ" అని వెళ్లిపోయింది. మన మొహాలు చూసే తీరికెక్కడ? అప్పటికే ఇంకో మూడు దీపాలు వెలుగుతున్నాయి. ఆమె జీతం ఒకరిది, తీర్చే తగువులు ఎనిమిది మందివి.

ఇప్పుడు కూరగాయలు. వీటిలో చాలావాటికి నాలుగంకెల నంబర్లుంటాయి. అరటిపళ్లకి 4011, కొత్తిమీరకి 4889. తెలియకపోతే తెర మీద బొమ్మల్లో వెతుక్కోవాలి. ఇదే షాపులో కాస్త వయసు మళ్లిన క్యాషియర్ ఒకావిడ ఉండేది. బెల్టు మీద సరుకు వస్తుంటే వేళ్లు వాటి పాటికవి నంబర్లు కొట్టేవి, నోరు మాత్రం మీ అమ్మాయి స్కూలు సంగతి అడిగేది. గుడ్ల డబ్బా తెరిచి చూసి, ఒకటి చిట్లి ఉంటే ఇంకోటి తెప్పించేది. ఆ ఒడుపు ఏళ్ల తరబడి పనితో వస్తుంది. మనం ఉల్లిపాయల బొమ్మలున్న మూడు పేజీలు తిరగేస్తుంటే వెనకాయన గట్టిగా నిట్టూరుస్తున్నాడు. వినపడనట్టు ఉండండి.

కొత్తిమీర కట్ట కాటాకి ఆనలేదు. వస్తువును సంచిలో పెట్టండి, అంటోంది. పెట్టాం. మళ్లీ అదే మాట. నాన్న వేలితో కట్టని మెల్లగా నొక్కారు. ఒప్పుకుంది.

దగ్గు మందు చూపించగానే మళ్లీ ఎర్రదీపం. కొన్ని రకాల దగ్గు మందులు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని టెక్సస్‌లో చట్టం. మెషీన్‌కి నాన్న నెరిసిన మీసం కనపడదు కదా. అమ్మాయి దూరం నుంచే ఒక చూపు చూసి, వచ్చి నొక్కి, ఈసారి చిన్నగా నవ్వింది. "నాకు వయసొచ్చిందని ఒప్పుకుందా?" అన్నారు నాన్న.

ఇంతవరకూ ఆయన సరదాగానే ఉన్నారు. తర్వాత జరిగిందే ఆయనకి మింగుడు పడలేదు. జేబులోంచి జారిపోతోందని కళ్లజోడు పెట్టె తీసి సంచిలో వేసుకున్నారు. తెర ఆగిపోయింది. దాని మీద వీడియో ఆడటం మొదలైంది: పైనుంచి తీసింది, నాన్న బట్టతల, చెయ్యి, ఆ చేతిలో నల్ల పెట్టె, సంచి. ఈ వస్తువు చదివించారా, అని కింద ప్రశ్న. వెనకాయన మెడ సాచి చూశాడు. నాన్న పెట్టె తీసి, మూత తెరిచి, కళ్లజోడు బయటికి తీసి, మెషీన్‌కి ఎదురుగా పట్టుకుని నిలబడ్డారు. అమ్మాయి వచ్చి క్షమాపణ చెప్పే దాకా దించలేదు.

"మా బస్సులోనూ చెకింగ్ వాళ్లు ఎక్కేవాళ్లమ్మా. తలలు లెక్కపెట్టి, నా సంచీలో చిల్లర కూడా లెక్కపెట్టేవాళ్లు. నేనేం అనుకోలేదు, జీతం తీసుకుంటున్నా కాబట్టి. ఇక్కడ నాకు జీతం ఎవరిస్తున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. షాపు వాళ్ల భయం ఉత్తదని కూడా అనలేను. ఆస్ట్రేలియాలో ఒక సూపర్‌మార్కెట్ సంస్థ తన దగ్గరున్న వాటికన్నా ఎక్కువ క్యారెట్లు అమ్ముడైనట్టు లెక్క తేలి బిత్తరపోయిందని ఎమెలీన్ టేలర్ అనే నేర పరిశోధకురాలు రాసింది. జనం అవొకాడోలు తూచి క్యారెట్ బొమ్మ నొక్కారట. కానీ ఆ చేతివాటానికి దారి తెరిచిందెవరు? 1986లో అట్లాంటా దగ్గర ఒక క్రోగర్ షాపులో ఈ పద్ధతి మొదటిసారి పెట్టినప్పుడు కొన్నవాళ్లు చదివించడం వరకే చేసేవాళ్లు. అవతలి చివర సంచుల్లో సర్దడానికి ఒకరు, డబ్బు తీసుకోవడానికి వేరొకరు ఉండేవాళ్లు. వాళ్లిద్దర్నీ తీసేసి, ఆ స్థానంలో కాటానీ కెమెరానీ పెట్టారు.

అరల్లోంచి సరుకు మనమే తీసుకోవడమూ ఒకప్పుడు వింతే. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' తెరిచే దాకా అడిగింది గుమాస్తా అందించేవాడు. అయితే సాండర్స్ ఆ పని మనకి అప్పగించి ధరలు తగ్గించాడు. ఈ మెషీన్ దగ్గర బిల్లు కొట్టినందుకు పైసా తగ్గదు. రెండు వస్తువులు పట్టుకుని వచ్చి అర నిమిషంలో వెళ్లిపోయే కుర్రాళ్లకి ఇది హాయిగానే ఉంది, కాదనను. ఇరవై పౌన్ల బస్తా ఎత్తలేక, తీగ ఉన్న స్కానర్ ఎక్కడుందో కనపడక నిలబడ్డవాళ్లని అడగండి.

కార్డు పెట్టాను. సేవా సంస్థకి చిల్లర ఇస్తారా, అంది. అయ్యాక, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు, అంది.

"పని మనం చేస్తే నక్షత్రాలు దానికెందుకు?" అన్నారు నాన్న.

రసీదు చూడండి. బియ్యం మీద అరలో రాసిన మూడు డాలర్ల తగ్గింపు పడలేదు. క్యాషియర్ అయితే అక్కడికక్కడే సరిచేసేది. మెషీన్ మాత్రం కస్టమర్ సర్వీస్‌కి వెళ్లమంది. వెళ్తే అక్కడ లైను, అందరి చేతుల్లోనూ రసీదులే. కొన్ని కంపెనీలకి ఈమధ్య తత్వం బోధపడుతోంది. ఇంగ్లండ్ ఉత్తరాన బూత్స్ అనే సంస్థ 2023లో రెండు షాపుల్లో తప్ప ఈ మెషీన్లు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో టార్గెట్ అనే సంస్థ 2024లో చాలా షాపుల్లో ఈ మెషీన్లకి పది వస్తువుల హద్దు పెట్టింది. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరమైతే 2025లో మూడు మెషీన్లకి ఒక మనిషి ఉండాలని చట్టమే చేసింది.

మూడు డాలర్లకి ఇంతసేపు ఎందుకు, పోదాం అన్నాను. నాన్న కదల్లేదు. కౌంటర్ వెనక చొక్కాకి పేరు బిళ్ల పెట్టుకుని నిజం మనిషి ఒకాయన ఉన్నాడు, వచ్చినవాళ్లని ఎలా ఉన్నారని అడుగుతున్నాడు. మన ముందున్న పెద్దావిడ అప్పటికే నాన్నకి తన రసీదు చూపించి ఏదో చెబుతోంది. నాన్న తన ఇంగ్లీషులో బస్తా సంగతి చెబుతున్నారు. మధ్యలో కళ్లజోడు పెట్టె కూడా బయటికొచ్చింది.

మీరో సాయం చేయాలి. ఈ బియ్యం, పాలు కార్లో పెట్టేసి రండి. ఆయన ఇప్పట్లో వచ్చేట్టు లేరు.