మారుమనువు బిడ్డలు – దాయభాగము

శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమున్నది. 1998లో స్థాపితమైన ఆ విద్యాలయమున దాయభాగము పాఠముగా చెప్పబడును. దానికి అనతిదూరముననున్న పల్లెలలో ఆ పాఠమునే రైతుకుటుంబములు తమ గుంటల మీదను, గెట్ల మీదను నేర్చుకొనుచున్నవి. నిజాము సొంత వ్యయమునకై ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్ భూములలో మేడ్చల్ ప్రాంతము ఒకటి. ఆ యేర్పాటు 1949లో రద్దయినది. ఔటర్ రింగురోడ్డు వచ్చిన పిదప ఆ నేల వెల పెరిగినది. వెలతో పాటు బంధుత్వముల లెక్కయు మారినది. చేను చేనుగా నున్నంతకాలము మన పిల్లవాడే యనిపించుకొన్న వాడు, చేను ప్లాట్లయిన నాడు ఎవరి బిడ్డ యని అడుగబడుచున్నాడు.

తల్లి వెంట వచ్చిన బిడ్డకు ఆ యింట భాగమున్నదా? ఈ ప్రశ్న చరిత్రను కొంత పరిశీలింతము.

మితాక్షర పుట్టినది మన దక్కను నేల మీదనే. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు కల్యాణిలో దానిని రచించెను. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. ఏ భార్యకు పుట్టినను కొడుకులందరును సమభాగులని మితాక్షర మతము. దక్షిణదేశమున కొన్ని కుటుంబములలో పత్నీభాగమను వేరాచారము నుండెడిది. అనగా కొడుకుల లెక్కను గాక తల్లుల లెక్కను పంచుట. పెద్దభార్యకు ఒక కొడుకును, చిన్నభార్యకు నలుగురును ఉన్నయెడల, ఆ యొక్కనికి సగము, ఈ నలుగురికి సగము. ఏ పద్ధతి న్యాయమో చదువరులే యోచింతురు గాక. స్మృతులు చెప్పిన పన్నెండు విధముల పుత్రులలో పౌనర్భవుడు కూడ నున్నాడు. కాని యతడు మారుమనువాడిన స్త్రీకి రెండవ భర్త వలన పుట్టినవాడు. ఆమె వ్రేలు పట్టుకొని వచ్చిన మొదటి భర్త బిడ్డకు ఆ పట్టికలో పేరు లేదు.

1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ శాసనము సంస్కారప్రియులకెల్ల ఆదరపాత్రమే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించుటకు ఆ శాసనమే యండ. కాని దాని రెండవ విభాగమును మనలో ఎందరు చదివిరి? పునర్వివాహమాడిన వితంతువు, ఆ దినముననే తాను మరణించినట్లుగా, మొదటి భర్త యాస్తిలో తనకు గల హక్కును కోల్పోవలెనని యందు కలదు. పెండ్లి కావలెనా, పొలము కావలెనా యని శాసనము ఆమెనడిగినది. అంతకన్న విచారకరమైన సంగతి మరియొకటి. అనేక వ్యవసాయ కులములలో మారుమనువు శాసనమునకు పూర్వమే యున్నది. వారికి శాసనము క్రొత్తగా నిచ్చినది ఏమియు లేదు. అయినను మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులు ఆ నష్టమును వారికిని వర్తింపజేసెను. ఆచారబలమున పెండ్లాడగల స్త్రీకి శాసనముతో పనిలేదు గనుక దాని శిక్షయు లేదని అలహాబాదు హైకోర్టు మాత్రము పలికెను. మాకు అలహాబాదు మాటయే న్యాయముగా తోచుచున్నది. అగ్రవర్ణముల స్త్రీకి తలుపు తెరచుటకై చేసిన తాళపుచెవితో పేద స్త్రీ పెట్టెకు తాళము వేయుట జరిగినది. బ్రిటిషు ఇండియా శాసనములు నిజాము రాజ్యమున తమంత తాము చెల్లవు గనుక మేడ్చల్ స్త్రీకి ఆ కీడు నేరుగా తగులలేదు.

1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ శాసనము ఈ చిక్కును విప్పినది. భర్త పోయిన క్షణముననే భాగము ఆమెకు సంపూర్ణముగా సంక్రమించును. పిమ్మట మారుమనువాడినను అది తిరిగిపోదు. మనోవర్తికి బదులుగా నిచ్చిన ఆస్తి జీవితాంతము వరకే యని వ్రాసికొన్నను సంపూర్ణహక్కే యగునని 1977లో తులసమ్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కుమార్తెలకు పుట్టుకతోనే భాగమిచ్చు సవరణను ఆంధ్రప్రదేశము 1986లో చేసి 1985 సెప్టెంబరు 5 నుండి వర్తింపజేసినది. దేశమంతటికి అది 2005లో గాని రాలేదు.

ఇక బిడ్డల మాట. ఒక యిల్లు ననుకొందము. భార్య పోయిన రైతు, కొడుకుతో వచ్చిన వితంతువును పెండ్లాడెను. అతనికిని మొదటి భార్య కొడుకున్నాడు. ఆమె మరణించినచో ఆమె కన్న కొడుకును భర్తయు సమభాగులు. సవతి కొడుకునకు ఏమియు రాదు. కొడుకు శబ్దములో సవతి కొడుకు చేరడని 1987లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అయితే ఆమెకు కన్నబిడ్డలుగాని భర్తగాని లేనపుడు, భర్త వారసుడను పేర ఆ సవతి కొడుకే వచ్చును. రైతు మరణించినచో అతని కొడుకును భార్యయు వారసులు. ఆమె వెంట వచ్చిన కొడుకు ఇరువదియేండ్లు ఆ అరక దున్నినను ఏనాటికిని వారసుడు కాడు. సవతితల్లి యాస్తికి ఒక ద్వారమైనను ఉన్నది. మారుతండ్రి యాస్తికి గోడయే యున్నది. రక్తమును లెక్కించు శాసనము అన్నమును లెక్కింపలేదు.

మొదటి భార్య జీవించియుండగా చేసికొన్న రెండవ పెండ్లి 1955 శాసనముతో చెల్లనిదయ్యెను. ఆమెకు భార్యగా భాగము లేదు. బిడ్డలు మాత్రము సక్రమసంతానమే. తండ్రి మరణమునకు ముందు పంపకము జరిగినట్లు భావించి ఉమ్మడి యాస్తిలో అతనికి రాదగిన భాగమున వారికిని వంతు కలదని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది.

సంపన్నుల యిండ్లలో ఈ గొడవలు మరింత దీర్ఘములు. మహమ్మదీయ ధర్మమున ఏ భార్య బిడ్డలైనను సమానులే; కొడుకునకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఖుర్షీద్‌జా పైగా వంశపు స్త్రీ యొకరు మతృకా యాస్తి పంపకమునకై 1955లో దావా వేసిరి. కూకట్‌పల్లి ప్రక్కనున్న హైదర్‌నగర్ భూమియు అందు చేరెను. దానిపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది 2023 జూన్‌లో. దావాలో కక్షిదారులు కాని వారిని ఆ పంపకపు డిక్రీ బంధింపదని దాదాపు డెబ్బదియేండ్ల పిమ్మట తేలినది!

మరల మేడ్చల్ పల్లెలకు వత్తము. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభింపబడినది ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. ఆ పద్ధతిలో వారసులందరు ఉమ్మడి యొప్పందము సమర్పించినచో తహశీల్దారు పట్టా మార్చును. ఒప్పందమున పేరు లేనివాడు సివిలు కోర్టుకు పోవలసినదే. 2025లో దాని స్థానమున వచ్చిన భూభారతి శాసనము నోటీసులిచ్చి విచారణ జరుపుటకు చోటిచ్చినది. అయినను ఆ నోటీసు వారసులకే గదా! మారుతండ్రి పోయిన పిదప ఆ పిల్లవాని కొరకు ఎవరేమి చేయగలరు? బ్రతికియుండగనే ఆయన తన సొంత భాగము మేరకు వీలునామా వ్రాయవచ్చును. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషనును తప్పనిసరి కాదు. ఆయన సంతకమును, ఇద్దరు సాక్షుల సంతకములును చాలును.