ప్రత్యక్షదైవం – అనుమాన ప్రమాణం

సూర్యభగవానుని మనం ప్రత్యక్షదైవమని కొలుస్తాము. అయితే ఆయన వ్యాపారాలలో అధికభాగం మన ఇంద్రియాలకు గోచరించదు. అచ్చట అనుమాన ప్రమాణమే శరణ్యం. సౌరజ్వాలల చరిత్ర ఇందుకు చక్కని దృష్టాంతం.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లాండులోని రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళజ్ఞుడు సూర్యబింబాన్ని తెరపై ప్రతిఫలింపజేసి, అందలి కళంకాలను చిత్రిస్తున్నాడు. ఉదయం 11 గంటల 18 నిమిషాలకు ఆ కళంకాలపై రెండు ధవళకాంతులు హఠాత్తుగా భాసించాయి. ఆయన సాక్షికోసం పరుగెత్తి, నిమిషంలోపే తిరిగివచ్చేసరికి అవి క్షీణిస్తున్నాయి. సుమారు అయిదు నిమిషాలలో అంతర్ధానమయ్యాయి. రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరొక పరిశీలకుడు వేరొకచోట ఆ దృశ్యాన్నే దర్శించడం వలన దానికి ప్రామాణ్యం చేకూరింది.

కొన్ని గంటలకే భూమిపై ఘోరమైన అయస్కాంత తుఫాను చెలరేగింది. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చునని తోచినా, కారింగ్టన్ నిర్ణయానికి తొందరపడలేదు. ఒక్క ఉదాహరణతో వ్యాప్తి సిద్ధించదు కదా! అయితే కాంతులు అణగిన పిమ్మట కళంకాల ఆకృతి మారలేదని గమనించి, ఘటన ఉపరితలానికి ఎగువన జరిగిందని అనుమానించాడు.

నేటి శాస్త్రం ఆ అనుమానాన్ని సంస్కరించి స్వీకరించింది. ఆయన చూసిన వెలుగు దిగువ పొరలదే. శక్తి విడుదలయ్యేది మాత్రం ఎగువన, కరోనాలో. అచ్చట అయస్కాంత బలరేఖలు తెగి పునస్సంధానం పొందినప్పుడు, వేగవంతమైన ఎలక్ట్రాన్లు దిగువనున్న వర్ణమండలాన్ని తాకుతాయి. అందలి వాయువు కోటి డిగ్రీల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి తపించి, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఊర్ధ్వముఖంగా ప్రసరించి అయస్కాంత తోరణాలను నింపుతుంది. చల్లారిన పిదప మరల క్రిందికి జారుతుంది.

ఈ ఊర్ధ్వగమనాన్ని తెలుసుకొనేది ఎట్లు? మనవైపు వచ్చే వాయువు వెలువరించే వర్ణపటరేఖలు నీలివైపు జరుగుతాయి. 1980లో ప్రయోగించిన సోలార్ మ్యాగ్జిమమ్ మిషన్ ఉపగ్రహం ఎక్స్-కిరణాలలో ఈ చిహ్నాన్నే పట్టుకొన్నది. పర్వతంపై ధూమాన్ని చూచి వహ్నిని గ్రహించే నైయాయికుని మార్గం వంటిదే ఇది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 కూడా నేడు ఈ జ్వాలలను పరిశీలిస్తున్నది.

చూసినదానిని చూసినట్లు, ఊహించినదానిని ఊహగానే చెప్పడం సత్యనిష్ఠ. కారింగ్టన్ పాటించిన ఈ సంయమం జిజ్ఞాసువులమైన మనకూ అనుసరణీయం.