థిన్ క్లయింట్: బూట్ పద్ధతి ఎంపిక

సర్వర్ మీద ఆధారపడి పనిచేసే చిన్న టెర్మినల్ థిన్ క్లయింట్. దీన్ని బూట్ చేయడానికి ఒక దారి, నెట్‌వర్క్ మీదుగా బూట్ అయ్యే పీఎక్స్‌ఈ. ఈ పద్ధతిలో స్విచ్ వేయగానే నెట్‌వర్క్ కార్డు డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా, బూట్ ఫైలు పేరు తెలుసుకుని, టీఎఫ్‌టీపీతో ఫైలు దించుకుంటుంది. మార్పులు సర్వర్‌లో ఒక్కసారి చేస్తే చాలు. అయితే టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. దూరపు లైన్ల మీద నత్తనడకే. రెండో దారి, టెర్మినల్‌లోని ఫ్లాష్ నుంచి బూట్ కావడం.

ఏది ఎంచుకోవాలన్నది చోటును బట్టి ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. ఇలా కరెంటు పోయే చోట కూడా, సర్వర్ టెర్మినల్ ఉన్న గదిలోనే ఉంటే పీఎక్స్‌ఈ మేలు. సర్వర్‌తో పాటు నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ ఉండాలి, చాలామంది మరిచేది ఇదే. టెక్కలి టెర్మినల్‌కు శ్రీకాకుళంలో సర్వర్ అయితే, లైన్ దూరం కాబట్టి ఫ్లాషే సరైనది.