కేరీ చూడని పట్టాలు



దేవుడు పిలిచిన తరువాత సేవకునికి మళ్ళీ కాలేజీ చదువెందుకు? ఈ మాట మన సంఘాల్లో తరచుగా వినబడుతూ ఉంటుంది. డిగ్రీ చదివిన కుమారుడు ఉద్యోగం వద్దనుకొని వేదాంత విద్యకు వెళ్తానంటే తల్లిదండ్రులు దిగులుపడతారు. పేతురు ఏ పట్టా పుచ్చుకున్నాడని పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబును ఈ దినాన చెప్పులు కుట్టిన ఒక దైవజనుని జీవితంలో వెదకుదాం.

విలియం కేరీ 1761లో ఇంగ్లాండులోని ఒక పల్లెలో జన్మించాడు. ఆయన ఏ కళాశాల మెట్లూ ఎక్కలేదు. చెప్పులు కుట్టే చోటనే పుస్తకం ఎదుట పెట్టుకొని లాటిన్, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకున్నాడు. 1793లో బెంగాలుకు వచ్చాడు. 1800లో సెరంపూర్ చేరి మార్ష్‌మన్, వార్డ్ అనే తోటి సేవకులతో కలసి పనిచేశాడు. మన తెలుగు భాషకు 1814లో ఒక వ్యాకరణం ప్రకటించాడు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూర్ ముద్రణాలయం నుండి వెలువడింది.

అదే 1818లో ఆ ముగ్గురూ ఒక కళాశాల స్థాపించారు. ఈ దేశానికి సువార్త ఈ దేశపు బిడ్డలే అందించాలని, అందించేవారు తమ ప్రజల గ్రంథాలను ఎరిగినవారై ఉండాలని వారి నమ్మకం. అందుకే అక్కడ బైబిలుతో పాటు సంస్కృతం, పాశ్చాత్య విజ్ఞానం కూడా నేర్పారు. క్రైస్తవేతర యువకులకూ తలుపు తెరిచారు.

సెరంపూర్ అప్పుడు డెన్మార్కు ఏలుబడిలో ఉండేది. 1827లో ఆ దేశపు రాజు ఆరవ ఫ్రెడరిక్, పట్టాలిచ్చే అధికారాన్ని ఆ కళాశాలకు దయచేశాడు. 1834లో కేరీ ప్రభువునందు నిద్రించాడు. 1845లో ఆ ఊరు ఆంగ్లేయుల చేతికి మారినా, కళాశాల హక్కులు మాత్రం నిలిచాయి. తరువాత జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో, 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. రాజు అధికారమిచ్చిన 88 సంవత్సరాలకు! నాటినవాడు ఆ ఫలాన్ని కన్నులారా చూడలేదు. 1918లో వచ్చిన చట్టం ద్వారా ఇతర సంఘాల వేదాంత కళాశాలల విద్యార్థులు కూడా సెరంపూర్ పట్టా పొందే మార్గం తెరుచుకుంది.

ఆ మేలు మన తెలుగు నేలకూ చేరింది. రామాపట్నంలో బాప్తిస్టులు, రాజమండ్రిలో లూథరన్లు తమ సేవకులకు వేరువేరుగా తర్ఫీదు ఇచ్చుకొనేవారు. దోర్నకల్‌లో 1912లో బిషప్పయిన అజరయ్యగారు పల్లె సంఘాల కాపరుల శిక్షణకు ఎంతో ప్రయాసపడ్డారు. వేరువేరు దారుల్లో నడిచిన ఈ సంఘాలు 1964లో ఏకమై రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించాయి. 1973లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. ప్రసంగ వేదికలు వేరైనా చదువుకునే బల్ల ఒక్కటైంది.

ఇప్పుడు పేతురు సంగతికి వద్దాం. పేతురుకు పట్టా లేదన్నది నిజమే. కాని ప్రభువు అతణ్ణి వల దగ్గర పిలిచిన మరునాడే ప్రసంగానికి నిలబెట్టలేదు. తనతో కూడ త్రిప్పుకొని, నేర్పి, గద్దించి, సరిదిద్దాడు. పౌలు చెరసాలలో మరణానికి సిద్ధపడుతూ కూడా పుస్తకాలు తెమ్మని తిమోతిని కోరాడు. కేరీకి కళాశాల దొరకలేదు. అయితే తనకు లేకుండానే జరిగింది కదా అని ఆయన అనుకోలేదు. తనకు దొరకనిది తన తరువాతివారికి దొరకాలని కట్టాడు.

ప్రార్థన లేని చదువు తలను నింపి హృదయాన్ని ఎండగడుతుంది. చదువు లేని ఆసక్తి మందను తప్పుదారి పట్టించగలదు. పిలుపు దేవునిది, సిద్ధపాటు మనది.

ప్రియులారా, మీ సంఘంలోనుండి ఒక యౌవనస్థుడు గాని, యౌవనస్థురాలు గాని వేదాంత విద్యకు వెళ్తుంటే నిరుత్సాహపరచకండి. ఒక పుస్తకం కొనిపెట్టండి. పేరుపెట్టి ప్రార్థించండి. ఆ ఫలాన్ని మీరు చూడకపోవచ్చు. కేరీ కూడా చూడలేదు. అయినా ఆ కోతలో మనమందరం పాలుపొందుతున్నాం.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.