కైఫీయతు నుంచి సినాప్సిస్ దాకా

కృష్ణా డెల్టాలో చరిత్రకు ఆధారాలు పోగుచేసే పని విశ్వవిద్యాలయం రావడానికి నూరేళ్లకు పైగా ముందే మొదలైంది. మొదలుపెట్టింది ఏలూరు కావలి సోదరులు. పద్దెనిమిదో శతాబ్దం చివర కావలి వెంకట బొర్రయ్య సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. ఊరూరా తిరిగి కరణాలనూ పండితులనూ ఏమేం అడగాలో మెకంజీ ముందే పట్టికలు రాసి ఇచ్చేవాడు. ఊరు ఎప్పుడు పుట్టింది, ఎవరెవరు ఏలారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు? వచ్చిన జవాబులే కైఫీయతులు.

ఇవాళ కైఫీయతును పట్టుకుని ఫలానా ఊరు ఫలానా శకంలో వెలిసిందని రాసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కుంపిణీ ప్రభుత్వం శిస్తులూ ఇనాములూ తేల్చుతున్న రోజులవి. చెప్పే కరణానికి తన మిరాశీ మీద కన్నుంటుంది. కాబట్టి ‘ఊరు ఎప్పుడు పుట్టింది’ అన్న ప్రశ్నకు కైఫీయతు బలహీనమైన సాక్షి. ‘ఆ రోజుల్లో ఆ కరణం తన ఊరి గురించి ఏం చెప్పుకోదలిచాడు’ అని అడిగితే అదే కాగితం గట్టి సాక్షి అవుతుంది. కాగితం అదే, అడిగే తీరే వేరు.

1803లో బొర్రయ్య పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. 1821లో మెకంజీ కూడా పోయాడు. మిగిలిన పని తాను సాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అడ్డం పడ్డాడు. దేశీయుడు దుబాసీగా పనికొస్తాడు గానీ పరిశోధనకు పెద్ద దిక్కుగా ఉండలేడన్నది ఆయన ధోరణి. ఏళ్ల తరబడి జవాబులు తెచ్చిపెట్టిన మనిషికి ప్రశ్న వేసే హక్కు మాత్రం దక్కలేదు.

అంతకు కొన్నేళ్ల ముందే, ప్రశ్న వేసే హక్కుకు కొదవలేని దొర ఒకడు బందరులో ఉద్యోగం చేశాడు. 1824లో సి.పి. బ్రౌన్ ఫ్రెంచి పాద్రీ దుబాయ్ పుస్తకంలో వేమన ప్రస్తావన చదివాడు. ఆ ఒక్క ప్రస్తావన పట్టుకుని తాళపత్రాలు సేకరించడం మొదలుపెట్టాడు. ప్రతికీ ప్రతికీ పొంతన లేదు. దాంతో ‘వేమన ఎవరు’ అన్న ప్రశ్న పక్కకు జరిగి, ‘వీటిలో ఏ పద్యాలు నమ్మదగినవి’ అన్నది ముందుకొచ్చింది. ప్రతులు పోల్చి, ఏరి, 1829లో 693 పద్యాలు అచ్చు వేయించాడు. తెలుగులో పాఠపరిష్కరణ అనే పనికి ఇది తొలి మెట్లలో ఒకటి.

తర్వాతి పెద్ద మలుపు కొమర్రాజు లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. ప్రొఫెసరు కాదు, అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగమైన మునగాల సంస్థానానికి దివాను. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్లలో ముఖ్యుడు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో ఆ మండలి ద్వారానే వచ్చింది. అప్పటికి శాసనాలు వరసగా అచ్చవుతున్నాయి. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో తవ్వితీసిన ధాతు కరండాల మీది రాతలు, డెల్టా చరిత్ర క్రీస్తుకు పూర్వం దాకా వెళ్తుందని తేల్చాయి. రాజుల కథలను శాసనాలతో సరిచూడకుండా చరిత్ర అనడానికి వీల్లేదని కొమర్రాజు పట్టుబట్టాడు. ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలకెత్తుకుని, పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. ఒక్కడు మోయగల బరువు కాదది. అందులో చాలా భాగం ఆయనే మోయవలసి రావడం తెలుగువాళ్లం సిగ్గుపడాల్సిన సంగతి.

ఆధారాలు ఉంటే సరిపోదు, అందుబాటులో ఉండాలి. ఆ పని గ్రంథాలయాలు చేశాయి. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వెలిసింది. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య చొరవతో చిలకమర్తి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగిందీ ఇక్కడే. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడింది. 1935లో పాతూరి నాగభూషణం ఏకంగా పడవ మీద పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపారు.

మరి విశ్వవిద్యాలయం? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలోనే మొదలై, 1930లో వాల్తేరుకు తరలిపోయింది. బెజవాడకు పుస్తకాలు మిగిలాయి, ఆచార్యులు మిగల్లేదు. అందుకేనేమో ఇక్కడి పరిశోధన వకీళ్ల చేతిలో పడింది. దిగవల్లి వేంకట శివరావు (1898–1992) న్యాయవాది. కుంపిణీ నాటి రికార్డులూ పాత పుస్తకాలూ గాలించి ‘కథలు గాథలు’ రాశారు. దావాలో ఏది వివాదమో తేల్చి ఇష్యూలు రాసుకున్నాకే సాక్ష్యం మొదలవుతుంది. పరిశోధకుడికీ అదే క్రమం పనికొస్తుంది. తేడా ఒక్కటే: సాక్ష్యం విన్నాక ఇష్యూను మార్చి రాసుకునే స్వేచ్ఛ పరిశోధకుడికి ఎక్కువ.

1976లో నాగార్జున, 2008లో కృష్ణా విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఇప్పుడు సిద్ధాంత గ్రంథాలు ఇంటర్నెట్ భాండారం శోధ్‌గంగలో దొరుకుతాయి. టాపిక్ ఇంతకుముందు ఎవరైనా చేశారా అని ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. మేలే. కానీ ఎవరూ చేయలేదన్నంత మాత్రాన అది ప్రశ్న అయిపోదు. ‘కృష్ణా జిల్లాలో గ్రంథాలయోద్యమం, ఒక పరిశీలన’ అని సినాప్సిస్ ఇస్తే గైడు సంతకం పెడతారు గానీ, అందులో అడిగిందేమీ లేదు. ‘1930లలో కాలువ వెంట ఊళ్లలో చదివింది ఎవరు, ఏ కులంవాళ్లు, ఆడవాళ్లెందరు’ అని అడిగితే పని మొదలవుతుంది. అప్పుడు చూడాల్సింది మహాసభల తీర్మానాలను కాదు, పాత పత్రికల్లో అచ్చయిన చందాదారుల పేర్లనూ పాఠకుల లేఖలనూ. స్కాన్ చేసిన పాత తెలుగు అచ్చులో మాట కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ తగలదు. వేటపాలెం బస్సెక్కి, సంచికలు ఒక్కొక్కటిగా తిరగెయ్యాల్సిందే.