ఇద్దరు రిఫరీలు, ఒక బెల్టు

కుస్తీ అంటే మనకు గోదా, వస్తాదు, ఒంటినిండా మట్టి. అమెరికా టెలివిజన్‌లో అది వేరే అవతారమెత్తింది. అదేమిటో తెలియాలంటే 1988 ఫిబ్రవరి 5, శుక్రవారం రాత్రి ఎన్.బి.సి. ప్రత్యక్ష ప్రసారం చేసిన ‘ది మెయిన్ ఈవెంట్’ ఒక్కటి చూస్తే చాలు.

ఇండియానాపొలిస్‌లో హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్ తలపడ్డారు. 1984 జనవరి నుంచీ ఛాంపియన్ హోగనే. ఆండ్రే అతన్ని పడగొట్టాడు. హోగన్ భుజం పైకి లేచినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు! ఆండ్రే ఆ బెల్టును అక్కడికక్కడే టెడ్ డిబియాసీ అనే ‘కోటీశ్వరుడి’ చేతిలో పెట్టాడు. ఇంతలో అచ్చం అదే పోలికతో రెండో రిఫరీ ప్రత్యక్షం! ‘రాముడు భీముడు’ (1964)లో రామారావుగారు ఒక్కరే ఇద్దరయ్యారు. ఇక్కడ డేవ్, ఎర్ల్ హెబ్నర్‌లు నిజంగానే కవలలు.

దాదాపు 3 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. చివరికి బెల్టును అలా చేతులు మార్చడం చెల్లలేదు. మార్చి 27న జరిగిన పోటీల్లో ర్యాండీ సావేజ్ బెల్టు గెలిచాడు.

మరుసటి ఏడాది ఆ కంపెనీవారే న్యూజెర్సీలో, క్రీడల కమిషన్ అజమాయిషీ తప్పించుకునేందుకు, ఇది వినోదమే తప్ప అసలైన పోటీ కాదని ఒప్పుకున్నారు.

ఫలితం ముందే నిర్ణయమైనా ఒంటినొప్పి మాత్రం నిజమే. ఆండ్రేకు 1986లోనే వెన్నుకు ఆపరేషన్ జరిగింది. 1993 జనవరిలో, 46వ ఏట కన్నుమూశాడు.

నాటకమని తెలిసీ హరిశ్చంద్రుడి కాటిసీనుకు కన్నీళ్ళు పెట్టుకునే జాతి మనది. ఆ రాత్రి హోగన్ కోసం ఏడ్చిన పిల్లల్ని చూసి మనం నవ్వగలమా?